వంటిల్లు లోపలికి, మంచం ఎండలోకి

మా ఆఫీసులో ఆమెను అందరూ స్కేలక్క అంటారు. ఇళ్ల ప్లాన్లు గీసే పనిలో ఇరవై ఎనిమిదేళ్లు కళ్లు అరగదీసుకుంది. ఆమె పక్క బల్ల నాది.

చేరిన కొత్తలో ప్రతి గదికీ రెండు కిటికీలు పెట్టేదట. ఇంటివాళ్లు వచ్చి, "ఇక్కడ బీరువా రావాలండీ, ఇది తీసేయండి" అనేవారు. కొన్నేళ్లు వాదించింది. పోనుపోను, వాళ్లు నోరు తెరవకముందే చెరిపేయడం అలవాటు చేసుకుంది.

ఆమె అద్దెకుండేది రెండో అంతస్తులో, వెనక వాటా. పడకగది కిటికీ తెరిస్తే పక్కింటి గోడ చేతికి తగులుతుంది. పొద్దున వెళ్లి చీకటిపడ్డాక వచ్చే మనిషికి అది పెద్దగా పట్టలేదు. బస్సు డ్రైవరుగా చేసే భర్త నడుము దెబ్బతిని ఇంటిపట్టున ఉండిపోయాక తెలిసొచ్చింది. ఎనిమిది నెలల్లో ఆయన మాట తగ్గింది, తిండి తగ్గింది. "టైమెంతయింది?" అని మాత్రం రోజుకు పదిసార్లు ఫోన్ చేసేవాడు.

"ఆ గదిలో పొద్దో మాపో తెలిసి చావదు. ఆయన తప్పేముంది?" అంది నాతో.

ఒక ఆదివారం టేపు పట్టుకుని తన ఇల్లు తనే కొలుచుకుంది. తూర్పున ఉన్నది వంటిల్లు. పెద్ద కిటికీ, బయట వెనకవాళ్ల ఖాళీ స్థలం, అందులో ఏపుగా పెరిగిన చెట్టు. వంట లోపలి పడకగదిలోకి, మంచం ఈ కిటికీ దగ్గరికి మార్చాలనుకుంది.

"వంటింట్లో పడుకుంటే జనం నవ్వరూ?" అన్నాడు భర్త.

"జనం మనింటికొచ్చి ఎన్నాళ్లయింది? నవ్వడానికైనా రానీ."

ఖాళీ చేసేటప్పుడు మునుపటిలా చేసిచ్చి వెళ్లాలన్న షరతు మీద ఇంటి ఓనరు ఒప్పుకున్నాడు. ప్లంబరు పనిచేసే మరిది మూడు ఆదివారాలు వచ్చి గొట్టాలు మార్చాడు. అప్పట్నుంచి ఆమె వంట ట్యూబులైటు కింద. ఆయన ఎండలో. నెల తిరక్కుండానే టైము అడగడం మానేసి, చెట్టు మీది ఉడతల సంగతులు చెప్పసాగాడు. అవి కొట్టుకుంటుంటే డిపోలో యూనియన్ మీటింగులు గుర్తొస్తున్నాయట.

ఆరు నెలలు గడిచాయి. వెనక స్థలం ఆవిడ, రిటైరైన టీచరు, మా ఆఫీసుకే వచ్చింది. ఆ చుట్టుపక్కల ప్లాన్లన్నీ మావే మరి. చెట్టు కొట్టేసి స్థలం నిండా ఇల్లు కట్టాలంది. స్కేలక్క చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

"కొట్టక తప్పదాండీ?"

"మరి మెట్లెక్కడ పెడతావమ్మా?"

"రేపు చూపిస్తాను."

మర్నాడు మూడు కాగితాలు తెచ్చింది. మెట్లు ముందువైపు, పై అంతస్తు కాస్త చిన్నది, చెట్టు పక్కన చిన్న వరండా, అటే పడకగది కిటికీ. సొంత సంగతీ దాచలేదు.

"ఇందులో నా స్వార్థం కూడా ఉందండీ. మా ఆయన రోజంతా ఆ చెట్టునే చూస్తూ కూర్చుంటాడు. రేపు మీకూ కాలు కదలకపోతే గోడనే చూస్తూ కూర్చోవాలి."

టీచరు నొచ్చుకుంది. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. వారానికి ఫోన్ చేసి మెట్లు మార్చమంది. పై అంతస్తు మాత్రం తగ్గించేది లేదంది.

అలా చెట్టు నిలిచింది, సగం. ఇటువైపు కొమ్మలు కొట్టేశారు. గోడ లేచాక ఎండ పదింటికి గానీ రావడం లేదు.

కొమ్మలు కొట్టిన రోజు స్కేలక్క సెలవు పెట్టి భర్త పక్కన కూర్చుంది.

"ఉడతలో?" అని అడిగింది.

"అటుపక్కకి పోయాయి. వస్తాయిలే."

గెలిచానన్న సంతోషం గానీ ఓడానన్న ఏడుపు గానీ రాలేదట. ఆ మంచం మీదే ముడుచుకుని నిద్రపోయింది. లేచేసరికి ఆయన గోడ పట్టుకుని చీకటి గదిలో పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఈ గదిలో ఎలా వండుతున్నావే ఇన్నాళ్లూ?" అన్నాడు.

"అలవాటైపోయిందిలే" అందట. ఆ మాట నాకు చెబుతూ మెడ రుద్దుకుంది.