పుంజు పోయేక పెట్టిన గుడ్లు

ఆవగింజని కొబ్బరికాయంత చేసి చెప్పడం నా అలవాటని ముందే ఒప్పుకుంటున్నానండి.

మొన్న రైసుమిల్లు దగ్గర తవుడు వాసనకి మామ్మ గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు ఒక ఏడాది తెగులొచ్చి ఊళ్ళో కోళ్ళన్నీ పోయేయి. మాకు పొదుగుకొచ్చిన పెట్ట ఒక్కటే మిగిలింది. మామ్మ తవుట్లో దాచిన గుడ్లని ఎండకెత్తి చూస్తూ, పగుళ్ళు లేనివి ఏరింది.

"బాగున్నాయి కదా మామ్మా?" అన్నాను.

"బాగుంటే సరా నాయనా? పుంజు పోయేక పెట్టినవి, పిల్లలవ్వవు," అంది. వేరే గుడ్లు ఎక్కడా దొరక్క, వాటినే పెట్ట కింద పెట్టింది.

పుంజు కూస్తేనే గుడ్డులో పిల్ల లేస్తుందనుకున్నాను. రోజూ గంప పక్కన కూర్చుని గొంతు పోయేలా కూసేను. నా కూతకి రాజోలులో బస్సులాగిపోయేయి, అమలాపురం కోర్టులో జడ్జిగారు ఉలిక్కిపడ్డారు. గుడ్లు మాత్రం కదల్లేదు.

బస్సులూ జడ్జిగారూ నా కల్పనేనండి. "ఇంకాస్త గట్టిగా కుయ్యి నాయనా," అని మామ్మ నన్ను బతిమాలింది చూడండి, అది కల్పించడం నాకు చేతకాదు.