కాంటా ఆగిన రోజు

ఎక్కడో ఒక సాఫ్ట్‌వేర్‌లో బొక్క బయటపడుతుంది. దేశం మొత్తానికి కంప్యూటర్ల కాపలా చూసే సర్కారీ బృందం ఢిల్లీ నుంచి హెచ్చరిక పంపుతుంది: దొంగలు ఇందులోంచి దూరగలరు, వెంటనే ప్యాచ్ వేయండి అని. గడ్‌చాందూర్ దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో ఆ హెచ్చరికలు చదివి, ఆ సాఫ్ట్‌వేర్ మా దగ్గర ఎక్కడుందో వెతికి, దాన్ని బాగుచేయించమని ఆఫీసర్ల వెంటపడటం నా పని. చదవడం సులువే. వెంటపడటంలోనే నా చెప్పులరిగాయి.

ఆ వానాకాలం వచ్చిన ఒక హెచ్చరిక మా లారీల కాంటాకు సరిగ్గా వర్తించింది. సున్నపురాయి లారీలను తూచే ఆ కాంటా కంప్యూటర్ ముందు కూర్చునేది మా కాక, మా నాయన తమ్ముడు. బొగ్గు గనిలో మా తాత చేసిన నౌకరీ ఆయనదాకా రాలేదు. ఇక్కడ కాంట్రాక్టు మీద చేరాడు. బాబుపేట్‌లో వాళ్లింటి పొయ్యి ఆ జీతంతోనే వెలిగేది.

మా ఆఫీసరు కోస్తా నుంచి వచ్చిన తెలుగాయనే. ఇక్కడికొచ్చి ఆయన నేర్చుకున్న మరాఠీ మాట ఒక్కటే: "బఘూ." అంటే చూద్దాం అని. ప్యాచ్ వేయడానికి కాంటా కాసేపు ఆపుదామని ఎప్పుడడిగినా బఘూ. గట్టిగా అడిగితే, "కాంటా ఆగినప్పుడు చేసుకోమ్మా" అనేవాడు. ఏం తెలివి! ఆ కాంటా రాత్రీ పగలూ ఆగదు. ఒక్క దసరా పూజకు తప్ప.

అందుకే పండగ మానుకుని దసరా నాడే పోయాను. కాక అప్పటికే కంప్యూటర్‌కు పసుపూ కుంకుమా పెట్టి, కీబోర్డు మీద బంతిపూలు పరిచాడు. నేను కుర్చీ లాగగానే అడ్డం నిలబడ్డాడు.

"పూజ చేసినంక ముట్టద్దు బిడ్డా. గియ్యాల దానికి ఆరామ్. రేపు చేస్కో."

"రేపు లారీలొస్తయి కాకా. సాబ్ చెయ్యనియ్యడు."

"ఏంది బిడ్డా, దేవుని కంటే సాబ్ పెద్దోడా?"

కుర్చీ మళ్లీ లోపలికి తోసి వెనక్కి వచ్చాను. మర్నాడు పొద్దున్నే లారీలు బారులు తీరాయి. ఆఫీసరు మళ్లీ బఘూ అన్నాడు.

దీపావళి దాటాక ఒక పొద్దున కాంటా తెర మీద డబ్బు అడిగే బెదిరింపు తప్ప మరేమీ లేదు. దొంగలు ఆ బొక్కలోంచే దూరి లెక్కలన్నిటికీ తాళం వేశారు. లారీలు రోడ్డుదాకా నిలిచిపోయాయి.

కంపెనీ పెద్దలు విచారణ పెట్టారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం! నేను పంపిన మెయిళ్లన్నీ చూపించాను. ఆఫీసరు వాటిని కన్నెత్తి చూడలేదు.

"దసరాకు కాంటా ఆగింది కదా? మరెందుకు చేయలేదు?" అని నన్నే నిలదీశాడు.

కాక పేరు ఎట్లా చెప్తాను? తలుపు దగ్గర నిలబడ్డ ఆయనే ముందుకొచ్చాడు.

"బిడ్డ వచ్చింది సాబ్. నేనే ముట్టనియ్యలే."

అంతే. ఆఫీసరు నెలల తరబడి అన్న బఘూలన్నీ గాలికి పోయాయి. కాక ఒక్కపూట వద్దన్నది మాత్రం తప్పయి కూర్చుంది. "ఈయన ఒక్కరోజు ఆపాడు, మీరు వానాకాలం నుంచీ ఆపారు!" అని అరిచాను. కూర్చోమన్నారు. ఆ సాయంత్రమే కాక గేటు పాసు లాక్కున్నారు. వాళ్ల నోట్లో మన్ను పడ! తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

మర్నాడు బాబుపేట్ పోయాను. చిన్నమ్మ చాయ్ పెట్టి ఇచ్చింది. గ్లాసు అందిస్తూ మొహం తిప్పుకుంది.

"నీ నౌకరీ అయితే ఉన్నది గదా బిడ్డా?" అని కాక అడిగాడు.

"ఉన్నది కాకా."

"గది చాలు" అన్నాడు. చిన్నమ్మ లేచి లోపలికి పోయింది.