మా టీచరు చెప్పిన భయం పాఠం

మొన్న మా మనవరాలు ఉక్కునగరం బడి నుంచి వచ్చి, బ్యాగు సోఫాలో పడేసి, ఈవేళ కౌన్సెలింగ్ మేడం మనసుకు వచ్చే జబ్బుల గురించి క్లాసు చెప్పారనీ, పక్క సీటు అమ్మాయి తాను దిగులుకు మందులు వాడుతున్నానని అందరి ముందూ చెప్పిందనీ, జంతికలు నములుతూనే చెప్పుకుపోయింది. నేను మాత్రం చేతిలో టీ మరిచిపోయి, నా బడి రోజుల్లోకి వెళ్ళిపోయాను.

మాది ఫిషింగ్ హార్బరు దగ్గరి పేట. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, నాన్నతో వేటకెళ్ళిన చిన్నాన్న తుఫానులో పడవ మీంచి పడిపోయి మళ్ళీ దొరకలేదు. నాన్న ఒడ్డుకు చేరాడు గానీ, ఆ తరువాత పడవెక్కలేకపోయాడు. తెల్లారకముందే వల భుజాన వేసుకుని బయల్దేరేవాడు, నీళ్ళు కనబడేసరికి చేతులు వణికి, ఊపిరాడక, ఒళ్ళంతా చెమటతో వెనక్కి వచ్చేసేవాడు. పోయిన తమ్ముడే గాలై నాన్నను పట్టాడని పేటంతా అనుకున్నారు, అమ్మ తాయెత్తులు కట్టించింది. ఆ గాలి నాకూ సోకి ఉంటుందని, బడిలో నా పక్కన కూర్చునే స్నేహితురాలిని వాళ్ళమ్మ వేరే బెంచీకి మార్పించింది.

మా సైన్సు టీచరు ఎంత ఎండైనా గొడుగేసుకుని నడిచే వచ్చేవారు. గుండె పాఠం చెబుతున్న రోజున ఆవిడ పుస్తకం మూసేసి, పరుగెత్తకుండానే గుండె దడదడలాడి, చేతులు వణికినవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఎవరమూ చెయ్యెత్తలేదు. ఆవిడే ఎత్తారు.

"మా బస్సు బోల్తా పడ్డప్పటి నుంచి నాకు బస్సెక్కాలంటే అలాగే అవుతుంది. మీరంతా పిచ్చాసుపత్రి అని నవ్వుకుంటారే, అక్కడే మందులు తీసుకుంటున్నాను. ఇది గాలీ కాదు, పిచ్చీ కాదు. భయం జబ్బు. తగ్గుతోంది, ఇప్పుడు సగం దూరం బస్సులోనే వస్తున్నాను."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమని, అంతలోనే ఊరుకున్నారు. నేనెలా లేచి నిలబడ్డానో నాకే తెలియదు.

"మా నాన్నకీ అంతే టీచర్," అన్నాను.

మధ్యాహ్నం నా స్నేహితురాలు అన్నం క్యారియరు పట్టుకొచ్చి, మళ్ళీ నా పక్కన కూర్చుంది.

ఆ సాయంత్రం టీచరు మా ఇంటికి వచ్చారు. ఆసుపత్రి మాట ఎత్తగానే అమ్మ గోలపెట్టింది, అక్కడికెళ్ళిన మనిషి కూతుర్ని రేపు ఎవరు చేసుకుంటారని. అంతసేపూ గుమ్మంలో తలొంచుకుని కూర్చున్న నాన్న మెల్లగా అన్నాడు:

"నానెల్తానే. దీని బడిలో అందరికీ తెలిసిపోనాది, ఇంకెవులికాడ దాత్తాం?"

మర్నాడు ఆసుపత్రికి మాతోపాటు టీచరు కూడా చివరిదాకా బస్సులోనే వచ్చారు. దారంతా నా చెయ్యి వదల్లేదు. నాకు ధైర్యం ఇస్తున్నారనుకున్నాను, ఆ వయసుకు అంతే తెలిసింది.

నాన్నకు మెల్లమెల్లగా నిద్ర పట్టింది, తరువాత ఒడ్డు కనబడేంత దూరం వేటకు వెళ్ళడం మొదలుపెట్టాడు. గాలివాన సూచన ఉంటే మాత్రం ఇంట్లోనే ఉండిపోయేవాడు, ఎవరైనా అడిగితే ఉన్నదే చెప్పేవాడు. నా పెళ్ళిచూపుల్లో కాబోయే మామగారితో, అమ్మ కళ్ళతో వారిస్తున్నా, "నాకు భయం జబ్బుండీది బావా, మందులేసుకుంతే తగ్గినాది," అనేశాడు. స్టీలు ప్లాంటులో పనిచేసే మామగారు, ఎత్తు నిచ్చెనలెక్కాలంటే తనకూ కాళ్ళు వణుకుతాయని, అప్పటిదాకా అత్తగారికి కూడా చెప్పని మాట నాన్నకు చెప్పుకున్నారు.

ఇప్పుడు నాన్న లేడు. టీచరు బదిలీ అయి వెళ్ళాక ఎక్కడున్నారో తెలియలేదు. మన పిల్లల పిల్లలకు ఇదంతా బడిలో పాఠమైంది, గోడల మీద బొమ్మలైంది. మనకు చెప్పడానికి మాత్రం అప్పట్లో ఒక మనిషి తన బతుకునే క్లాసులో విప్పి చూపించవలసి వచ్చింది. ఆ అవసరం తీరిపోవడం మంచిదే. అయినా, కాస్త వణుకుతూనే ఆ మాటలు చెప్పిన ఆవిడ గొంతు మళ్ళీ ఒక్కసారి వినాలనిపిస్తుంది.