మామ తిట్టిన బాతు, తిట్టని కోడలు

కోపం అందరికీ వస్తుంది, పోతుంది. మా కోదండరామన్ మామకు మాత్రం అది రాదు, పోదు. ఆయన దగ్గరే కాపురం ఉంటుంది. పొద్దున పాలప్యాకెట్టు మీద మొదలై, పడుకునేముందు దోమల బిళ్ళ మీద ముగుస్తుంది. మధ్యలో సూర్యుడు కూడా ఒకటి రెండు మాటలు పడతాడు. ఒకసారి రక్తపోటు చూపించడానికి తీసుకెళ్ళాం. పసిపిల్లాడికి ఉన్నట్టుందన్నారు డాక్టరుగారు. మామ వెంటనే ఆ గదిలో ఆగిపోయిన గోడ గడియారం సంగతి ఎత్తుకున్నాడు. మేం బయటికి వచ్చేసరికి డాక్టరుగారు ఆ పట్టీ తన చేతికే చుట్టుకుంటున్నారు.

మామకు తుడియలూరులో పంపుసెట్ల వర్క్‌షాపు. జీవితమంతా లేత్ మిషన్ల చప్పుడుతో పోటీపడిన గొంతు. ఇక ఆ కోపానికో రాజ్యాంగం ఉంది, దాన్ని ఆయన ఎన్నడూ ఉల్లంఘించలేదు. బయటివాళ్ళను అరవంలో తిట్టాలి. బ్యాంకునీ మిషన్లనీ ఇంగ్లీషులో తిట్టాలి. తెలుగు మాత్రం ఇంటివాళ్ళకే. మా పెద్దలు ఎన్ని వందల ఏళ్ళ కిందట ఈ కోయంబత్తూరు సీమకు వచ్చారో గానీ, వాళ్ళు మూటగట్టి తెచ్చుకున్న తెలుగు ఇప్పుడు రెండు చోట్లే చెక్కుచెదరకుండా ఉంది: వంటింట్లో, మామ కోపంలో.

నేను ఆయన మేనల్లుణ్ణి, పేరు మదన్. కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చిన రోజు మిఠాయి పట్టుకుని వెళ్ళాను.

"చెప్పులు ఎండలో ఇడిసి వచ్చినావే, తోలు ఎండి చస్తాదిరా! నువ్వు పిల్లోళ్ళకి ఏం నేర్పిస్తావు, మొద్దెద్దా!"

మర్నాడు మా గుమ్మం ముందు కొత్త స్కూటరు నిలబడి ఉంది. అడిగితే, "పాత స్కూటరు పొగ నా కంటికి పడలేదు" అని దాన్నీ తిట్టాడు.

ఇలాంటి ఇంటికి జెనిఫర్ కోడలుగా వచ్చింది. మామ కొడుకు అరవిందన్, ఆమె ఇష్టపడి రిజిస్టరు పెళ్ళి చేసుకున్నారు. తిరునెల్వేలి వైపు క్రైస్తవ కుటుంబం, ఇంట్లో అరవమే. నీటిపక్షుల మీద పరిశోధన చేస్తోంది. ఆమె గడప దాటగానే మామ లేచి నిలబడి, చేతులు జోడించి, "వాంగమ్మా, ఉక్కారుంగ" అన్నాడు. రండమ్మా, కూర్చోండి!

పొన్నమ్మాళ్ అత్త ముఖం పాలిపోయింది. మామ నోట మర్యాద వచ్చిందంటే ఆ మనిషి ఇంకా వీధిలో ఉన్నట్టే లెక్క.

నెలలు గడిచాయి. "మదన్, మీ మామ ఆ పిల్లని ఇంకా ఒక్క మాట అన్లేదురా" అని అత్త నా దగ్గర కళ్ళొత్తుకునేది. జెనిఫర్‌కి అరవిందన్ ఇంటి రాజ్యాంగం చెప్పినట్టున్నాడు. ఆ పిల్ల తనవంతు ప్రయత్నం తాను చేసింది. ఒకరోజు కావాలనే సాంబారులో రెండింతలు ఉప్పు వేసింది. మామ గిన్నెడు తాగి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా, "రొంబ నల్లా ఇరుక్కుమ్మా" అన్నాడు. చాలా బాగుందట! జెనిఫర్ వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. ఉప్పు ఎక్కువైనందుకు కాదు.

ఈశాన్య వానలకు మా పక్క కుళం నిండింది. కుళమంటే మా వైపు చెరువే. దాని జమ్ములో ఒక అడవి బాతు గూడు కట్టింది. గోధుమరంగు ఒళ్ళు, నల్లటి ముక్కు, ముక్కు కొసన పసుపు, మొదట్లో ఎర్ర చుక్క. జెనిఫర్ ఏడాది చదువంతా ఆ గూటి మీదే ఆధారపడి ఉంది. పిల్లలు గుడ్లలోంచి బయటికి వచ్చి తల్లి వెంట నీళ్ళలోకి దిగినట్టు ఫొటో ఒకటి కావాలి. ఆ ఫొటో కోసం గట్టు మీద తిరుగుతూ జెనిఫర్ జారిపడింది. కాలు విరిగింది. పిండికట్టు వేసి, నేల మీద మోపకూడదన్నారు.

ఆసుపత్రిలో మామ ఆమె మంచం పక్కన నిలబడి, "కవలైపడాదీంగమ్మా" అన్నాడు, అంటే దిగులుపడకండమ్మా అని. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చూడరా, కాలు ఇరిగినా తిట్టలేదు!"

మర్నాడు తెల్లారకముందే మామ మా తలుపు బాదాడు. మెడలో జెనిఫర్ కెమెరా, గజం పొడుగు లెన్సు.

"లెయ్‌రా! ఆ వాత్తు సంగతేందో చూస్తాము." వాత్తంటే మా ఇంట్లో బాతే.

"నీకు ఫొటో తియ్యడం వచ్చా, మామా?"

"పంపుసెట్టు చేసినోడికి ఇదొక లెక్కా? డాక్టరు నన్ను నడవమన్నాడు, అందుకని పోతా ఉండాను. ఇంకేం లేదు. నువ్వు ఊరికే నోరు తెరవొద్దు, దోమలు పోతాయి."

కుళం గట్టు మీద మామ ఆకుపచ్చ దుప్పటి కప్పుకుని బోర్లా పడుకున్నాడు. మనిషి కనబడకూడదని దుప్పటి. వినబడకూడదని ఆయనకెవరూ చెప్పలేదు. బాతు వచ్చింది. నిదానంగా ఈదింది. మామ మీట నొక్కబోయే క్షణానికి తల నీళ్ళలో ముంచి, తోక ఆకాశానికి ఎత్తింది. ఈ జాతి మునగదు. మేతకోసం ఇలా తలకిందులవుతుంది. క్లిక్. తోక. తల ఎత్తింది. మామ ఊపిరి బిగబట్టాడు. మళ్ళీ తల ముంచింది. క్లిక్. మళ్ళీ తోక.

"ఏ వాత్తే! నిమిందు పారు!" అని గర్జించాడు మామ, తలెత్తి చూడమని. బాతు తోక ఊపింది.

కుళం కావలి అయ్యసామి పరుగెత్తుకొచ్చి, "యారోడ సండై, సార్?" అన్నాడు. ఎవరితో జగడమని.

మామ అతన్నీ అరవంలో దులిపాడు. గట్టు మీద సెల్ఫీ తీసుకుని బిస్కెట్టు కాగితం నీళ్ళలోకి విసిరిన కుర్రజంటనూ దులిపాడు. ఆ అబ్బాయి ప్యాంటు మడిచి దిగి, తన కాగితంతో పాటు ఎవరెవరివో సంచులు కూడా ఏరి గట్టున పెట్టి వెళ్ళిపోయాడు.

రోజూ ఇదే వరస. కెమెరాలో తోకలు పేరుకుపోయాయి. ఎండలో తోక, మబ్బులో తోక, తోక మీద తూనీగ. సాయంత్రం మామ కెమెరాను జెనిఫర్ మంచం మీద పెట్టి, ఒక్క మాట లేకుండా వెళ్ళిపోయేవాడు. ఆమె చూసి దిండులో ముఖం దాచుకుని నవ్వేది.

వారం గడిచిందేమో, ఒక ఉదయం వింత జరిగింది.

"ఏమే, నీకి సిగ్గుండాదా? నెత్తి ఎత్తవే, పాడుదానా! నీ కోసరం కాపీ కూడా తాగకుండా వచ్చినాను కదే!"

నేను ఉలిక్కిపడ్డాను. తెలుగు! బాతు మా ఇంటిదైపోయింది.

ఆ సంగతి అత్తకు చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. అత్త గరిటె కింద పెట్టేసి, "వాత్తుకు పట్టిన అదృష్టం నా కోడలికి పట్టలేదే!" అంది. పక్కగదిలో జెనిఫర్ విన్నది. ఆ రోజు ఆమె తోకలు చూసి నవ్వలేదు.

చివరికి ఆ ఉదయం వచ్చింది. జమ్ము కదిలింది. తల్లి బయటికి వచ్చింది, వెనక వరసగా పిల్లలు, దూది ఉండల్లాంటివి. మామ కెమెరా ఎత్తాడు. తల్లి తల ముంచింది. క్లిక్. "ఎత్తవే తల్లీ, ఒక్కసారి ఎత్తవే" అని గొణిగాడు. ఆయన గొణగడం నేను వినడం అదే మొదలు. తల్లి తల ఎత్తి, సూటిగా మా వైపు చూసింది. పక్కన పిల్లలన్నీ బారుతీరాయి. ఇలాంటి ఫొటో ఇక రాదు.

అప్పుడే పైనుంచి గద్ద దిగింది.

మామ మీట నొక్కలేదు. దుప్పటి విసిరికొట్టి లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత వచ్చిన కేకను నేను వర్ణించలేను. వర్క్‌షాపు జీవితమంతా దానికి సాధకం అనుకోవాలి. "పోరా దొంగా!" అంటూ ఒక చెప్పు ఆకాశంలోకి విసిరాడు. రెండో చెప్పుతో సహా మోకాలి లోతు బురదలోకి దిగాడు. గద్ద గాల్లోనే మనసు మార్చుకుని, ఎటో వెళ్ళిపోయింది. పిల్లలన్నీ క్షేమంగా జమ్ములో దూరాయి. తల్లీ దూరింది. కుళం ఖాళీ.

"పోయె" అన్నాడు మామ. "ఆ పిల్ల చదువు నా నోటితో నేనే పోగొట్టినాను."

నాకు తెలిసి ఆయన మనుషులతో తెలుగులో కోపం లేకుండా పలికిన వాక్యం అదొక్కటే. నడక కోసం వస్తున్నాడన్న కథ కూడా అక్కడితో ముగిసింది.

ఇంటికి చేరాం. ఒంటి చెప్పు, ఒళ్ళంతా బురద, చేతిలో కెమెరా. వరండాలో జెనిఫర్ కూర్చుని ఉంది. ఆయన్ను చూడగానే, "మామా! ఎన్న ఆచ్చు?" అంటూ, ఏమైందోనని గాభరాగా లేచి, చేతికర్ర మరిచిపోయి, విరిగిన కాలు మెట్టు మీద పెట్టేసింది.

మామ నోరు తెరిచాడు.

"ఏమే! అది కాలా, కట్టెమొద్దా? నేల మీద పెట్టొద్దని డాక్టరు చెప్తే చెవిలో దూది పెట్టుకున్నావా? మళ్ళా ఇరిగితే ఎవడే మోసేది? చదువుకున్నదానివంట చదువు! కూర్చోవే ముందు, తిక్కదానా!"

వీధిలో కుక్క మొరగడం మానేసింది. లోపల గరిటె కింద పడింది. జెనిఫర్‌కి అందులో సగం కూడా అర్థమై ఉండదు. కానీ అది ఏ భాషో అర్థమైంది. కూర్చుంది. ముఖం దీపంలా వెలిగింది.

"అత్తా!" అని కేక పెట్టింది. "నన్ను తిట్నారు!"

అత్త వచ్చి ఆమె నెత్తి మీద మెటికలు విరిచి దిష్టి తీసింది. మామ ఏం చేయాలో తోచక కెమెరాను ఆమె ఒళ్ళో పడేశాడు. "పిల్లలు దిగినాయి. ఫొటో లేదు. తోకే."

జెనిఫర్ చివరి బొమ్మ చూసింది. పెద్ద తోక ఒకటి ఆకాశానికి నిలబడి ఉంది. దాని వెనక తల్లిని చూసి నేర్చుకున్న పిల్లలు, వాటి బుల్లి తోకలు, వరసగా. ఒక్క ముఖం లేదు. కానీ పిల్లలు పుట్టాయనడానికీ, నీళ్ళలోకి దిగాయనడానికీ అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

"ఇది చాలు, మామా" అంది అరవంలో.

"చాలా? ఒక్కదానికైనా మూతి కనబడిందా? కుటుంబం మొత్తానికీ మరియాద తెలీదు!"

ఆ ఫొటోకు ఇప్పుడు వర్క్‌షాపులో, ఆఫీసు గది గోడ మీద, చట్రం కట్టి పూలదండ వేసి ఉంది. కొనేవాళ్ళు ఇదేమిటని అడిగితే అరవంలో తిట్లు తింటారు.

మొన్న వాళ్ళింటికి వెళ్ళాను. జెనిఫర్ కట్టు తీసేశారు, కాస్త కుంటుతూ గుమ్మంలోకి వచ్చింది. నన్ను చూసింది, వాకిట్లోకి చూసింది, నడుం మీద చేతులు పెట్టుకుంది.

"చెప్పులు ఎండలో ఇడిసి వచ్చినారే! తోలు ఎండి చస్తాది, మొద్దెద్దా!"

నేను ఆనందంగా వెళ్ళి చెప్పులు నీడలోకి జరిపాను. లోపల్నుంచి మామ అరిచాడు:

"అదేం గొంతే? ఇంకా గట్టిగా!"