చెయ్యి పెడితే చాలదన్నారు

ఆ ఆదివారం నేను మా బావ చేతిలో ఓడిపోలేదు. అప్పటి నుంచి ఇదే చెబుతున్నాను. వినేవాళ్లు తగ్గిపోయారు కాబట్టి రాస్తున్నాను.

చంద్రపూర్ బజారులో ఒక స్టేషనరీ దుకాణం ఉంది. దాని పైగదిలో ఆదివారం పొద్దున కార్డులాట నడుస్తుంది. పేకాట కాదు. ఒక్కో కార్డు మీద ఒక బొమ్మ, దాని కింద ఆ బొమ్మకున్న శక్తి ఇంగ్లీషులో అచ్చు వేసి ఉంటాయి. ఎవరి కట్టను వాళ్లు ఏరి కూర్చుకోవాలి. అక్క మొగుడు, మా బావ, ఊరి పక్కనే ఉన్న దుర్గాపూర్ బొగ్గు గనిలో పనిచేసేవాడు. పుణేకు శిక్షణకు పోయినప్పుడు ఈ ఆట చూసి నేర్చుకొని వచ్చి, నాకు నేర్పాడు. ఆ మేలు నేను కాదనను.

ఈ ఆటలో బలం కన్నా సమయం ముఖ్యం. కార్డు వేయగానే దాని శక్తి పనిచెయ్యదు. మధ్యలో కొంచెం జాగా ఉంటుంది. ఆ జాగాలో ఎదుటివాడు దాన్ని ఆపే కార్డు వేయవచ్చు. ఆ ఆపేదాన్ని ఆపడానికి మొదటివాడు మరొకటి వేయవచ్చు. అన్నీ పడ్డాక చివర వేసింది ముందు పనిచేస్తుంది, మొట్టమొదట వేసింది ఆఖరుకు తేలుతుంది. ఆ జాగా ఎంతసేపు అన్నది అచ్చు నియమాల్లో లేదు. అందుకని మా గదిలో ఒక పద్ధతి పెట్టుకున్నారు. కార్డు వేసినవాడు బల్లను వేలితో మూడుసార్లు తట్టాలి. ఆపదలచినవాడు మూడో తట్టు లోపల అరచెయ్యి బల్లమీద పెట్టి ‘థాంబ్’ అనాలి. ఆగు అని మరాఠీ మాట. మా బల్ల చుట్టూ మరాఠీవాళ్లు, హిందీవాళ్లు, మేము, అందరికీ ఆ ఒక్క మాట సరిపోయేది.

ఆ రోజు చివరి ఆట నాకూ బావకూ. గెలిచినవాడు నాగ్‌పూర్ పోటీకి పోతాడు. బల్లమీద ఉన్నవన్నీ తుడిచిపెట్టే కార్డు బావ వేశాడు. దాన్ని ఆపేది నా చేతిలో ఉంది. రెండో తట్టుకే అరచెయ్యి పెట్టాను. నోరు తెరిచేసరికి దగ్గు పట్టుకుంది. నేను ఘుగ్గుస్‌లో బొగ్గు లారీల కాటా దగ్గర పనిచేస్తాను. ఆ దుమ్ము తిన్నవాడి దగ్గు ఎట్లా ఉంటుందో ఈ ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. దగ్గు ఆగేలోపు మూడో తట్టు పడింది.

“అయిపోయింది,” అన్నాడు బావ.

“చెయ్యి పెట్టిన గద!”

“చెయ్యి బల్లమీద ఎవలైనా పెడ్తరు బామ్మర్దీ. మాట రావాలె.”

దుకాణం సేటు మావాడే, తెలుగువాడు. ఆయనే తీర్పరి. నా చేతిలో కార్డు చూశాడు, నా దగ్గు విన్నాడు. అయినా “మాట ఇనవడలే. ఏం జేద్దాం?” అన్నాడు. ఆట తయారుచేసే కంపెనీకి రాశాను. స్థానిక తీర్పే చెల్లుతుందని రెండు వరుసల జవాబు వచ్చింది. దాన్ని అచ్చు తీసి పెట్టుకున్నాను, ఇప్పటికీ ఉంది.

బావ నాగ్‌పూర్ పోయి రెండో ఆటకే వెనక్కి వచ్చాడు. దానితో ముగిసి ఉంటే నేనూ మర్చిపోయేవాణ్ణేమో. కానీ ఆయన దాన్ని ఇంట్లోకి తెచ్చాడు. అక్క ఇంట్లో ఎప్పుడు భోజనానికి కూర్చున్నా పులుసు గిన్నె తనే పట్టుకొని పోస్తూ పోయేవాడు. చాలని కంచం మీద చెయ్యి అడ్డం పెడితే, “చెయ్యి పెడ్తే చాలదు బామ్మర్దీ, మాట రావాలె!” అనేవాడు. ఇంటిల్లిపాదీ నవ్వేవారు. చుట్టాల ముందు, నా భార్య ముందు, ఒకసారి కొత్త వియ్యంకుల ముందు కూడా. ఏడేళ్లు. ప్రతిసారీ అక్క కూడా నవ్వింది.

తరువాత బావకు గొంతులో పుండు తేలింది. ఇరవై ఏళ్లుగా ఆయన చెంపలో ఖర్రా లేని పూట లేదు. గనిలో బీడీ కాల్చనివ్వరు కాబట్టి తంబాకు, వక్క కలిపి రుద్దిన ఆ పొట్లమే వాళ్లకు దిక్కు. నాగ్‌పూర్‌లో కోసి స్వరపేటిక తీసేశారు. గొంతు కింద ఒక రంధ్రం, దాని మీద తెల్ల గుడ్డ. ఊపిరి అక్కడినుంచే. మాట పోయింది. చేతులూ బుర్రా మునుపటిలాగే ఉన్నాయి.

ఒక సాయంత్రం అక్క మా ఇంటికి వచ్చింది.

“తమ్మీ, మీ బావ ఆదివారం ఆటకొస్తనంటుండు. పలక మీద రాసిండు. ఇంట్ల గోడలు సూసుకుంట పిచ్చోడైతుండు. నువ్వు జర సేటుతోని మాట్లాడు. చెయ్యి పెడ్తే ఒప్పుకొమ్మను.”

“చూస్తా,” అన్నాను. మాట్లాడలేదు. నేను చెప్పకుండానే సేటు ఒప్పుకుంటాడని నాకు తెలుసు.

అట్లాగే జరిగింది. బావ మెట్లెక్కి రాగానే సేటు లేచి నిలబడ్డాడు. మా గదిలో పద్ధతి మార్చాలంటే బల్ల దగ్గర ఉన్న అందరూ ఒప్పుకోవాలి, ఒక్కరు కాదన్నా మారదు.

“ఈనె చెయ్యి పెడ్తే థాంబ్ అన్నట్టే. అందరికి మంజూరేనా?”

అందరూ తలూపారు.

“నాకు మంజూర్ లేదు,” అన్నాను. “ఆనాడు నాకు లేని సవులత్ ఇయ్యాల ఎట్లొచ్చింది?”

“గదెప్పటి ముచ్చటనో! మనిషిని జూడవయ్యా జర.”

“మీరే అన్నరు, మాట ఇనవడలేదని.”

నాకు కావలసింది పెద్దదేమీ కాదు. ఆ రోజు నువ్వు ఆపినవు అని ఆయన పలక మీద రాస్తే చాలు, నేనే అందరికన్నా ముందు ఒప్పుకునేవాణ్ణి. బావ పలక తీసి, చిన్నప్పుడు చదివిన మరాఠీలోనే ‘ఆడుదాం’ అని రాసి, నా ఎదురుగా కూర్చున్నాడు. పెదవుల మీద ఆ పాత నవ్వే.

బాగా ఆడాడు. నాకన్నా బాగా ఆడాడు. దారి లేక, అన్నీ తుడిచిపెట్టే కార్డు నేను వేశాను. ఒకసారి తట్టాను. రెండోసారి తట్టేలోపే ఆయన అరచెయ్యి బల్లమీద పడింది. నేను తొందరపడలేదు. రెండోసారి తట్టి, మూడో తట్టుకు ముందు చాలాసేపు ఆగాను, సేటు సాక్షి. బావ నోరు తెరిచాడు. గొంతు దగ్గరి గుడ్డ పైకి లేచి పడింది, మళ్లీ లేచింది. గాలి చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

తట్టాను.

“అయిపోయింది.”

ఆయన ఎడమచేతిలోని కార్డు తిప్పి బల్లమీద పెట్టాడు. ఆపే కార్డే. బావ కట్ట సర్దుకొని, రబ్బరు చుట్టి, పలక చంకలో పెట్టుకొని మెట్లు దిగాడు. మళ్లీ ఎక్కలేదు. ఆ కట్టను ఇంట్లో కూడా విప్పలేదట. వానలు పడకముందే పోయాడు.

తరువాత సేటు నన్ను అడగకుండానే గోడకు కాగితం అంటించాడు, చెయ్యి పెడితే చాలునని. ఇది ఎప్పటినుంచి అమలు అని అడిగాను. అడగడం నా హక్కు.

“నువ్వు రాని రోజు నుంచి,” అన్నాడు.

పదకొండో రోజు అక్క ఇంట్లో భోజనాలు. మగవాళ్ల వరుసలో చివర కూర్చున్నాను. ఆ ఆదివారం తరువాత అక్క నాతో మాట్లాడలేదు. పులుసు గిన్నె తనే పట్టుకొని వచ్చింది. పోసింది. అన్నం మునిగింది. చాలని చెయ్యి అడ్డం పెట్టాను.

అక్క ఆగలేదు. వేళ్ల మీదుగా వేడి పులుసు కంచంలోకి, కంచంలోంచి చాప మీదికి కారింది. పక్కవాళ్లు తినడం ఆపి చూశారు. చాలక్కా అంటే ఆగేది. నోరు తెరిచాను. దగ్గేమీ రాలేదు, దుమ్ము కూడా లేదు.

గిన్నె ఖాళీ అయ్యాక లోపలికి పోయింది. నేను చెయ్యి తుడుచుకోకుండా, కంచంలో ఉన్నదంతా తిన్నాను.

ఆ మొదటి ఆట తీర్పు తప్పే. అది ఇప్పటికీ ఎవరూ దిద్దలేదు.