తువ్వాల కింది ఓట్లు

ఆ రోజుల్లో ఓటు కడుపులో దాచుకునే వస్తువు. పోలింగు ముగిసిన అరగంటకే టీవీలో నలుగురు కూర్చుని, మీరెవరికి వేశారో మీకే చెప్పే ఏర్పాటు అప్పుడు లేదు. మొన్న మా మనవరాలు రెండు సర్వేలు ఫోనులో పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో వీళ్ళు, ఇంకోదాంట్లో వాళ్ళు గెలుస్తుంటే చూసి, "తాతా, ఇండ్ల ఏది నిజం?" అని అడిగింది. నేను కళ్ళద్దాలు సర్దుకుని, "బిడ్డా, వరంగల్ జిల్లాల మొట్టమొదటి సర్వే చేసింది మీ తాతనే. మూడు వేల మందిని అడిగిన" అన్నాను. పిచ్చిది, నమ్మింది. నమ్మినందుకు జాలేసి సాయంత్రానికి మూడు వందలకు దించాను. మీరు పుస్తకాలు చదివేవాళ్ళు కాబట్టి మీ దగ్గర దాపరికం ఎందుకు, మొత్తం ముప్పై ఎనిమిది మంది. జిల్లా కూడా కాదు, మిర్చి యార్డులో రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణం, దాని ముందున్న అరుగు. అదే నా నియోజకవర్గం.

ఆ దుకాణంలో నేను గుమాస్తాని. (మేనేజరునని కొన్ని ఊళ్ళలో చెప్పుకున్న మాట వాస్తవమే. సావుకారు తర్వాత అక్కడ ఉన్నది నేనొక్కణ్ణే కాబట్టి అది పూర్తి అబద్ధం కాదు.) రైతులు బస్తాలు దించితే కాంటా దగ్గర నిలబడటం, చీటీలు రాయటం, మధ్యాహ్నం దాకా తుమ్మటం నా ఉద్యోగం. మాది నెక్కొండ పక్క పల్లె. మా అమ్మ తమ్ముడు, అంటే మా మామ, ఉండేది పాలకుర్తి దగ్గర. మామ కూతుర్ని నాకివ్వాలని రెండిళ్ళలోనూ మాట ఖాయమై, ఇక ముహూర్తం పెట్టుకోవటమే మిగిలిన సమయంలో ఎలక్షన్లు వచ్చిపడ్డాయి. మా బాపు గంప గుర్తు మనిషి. మామ నిచ్చెన గుర్తు మనిషి. (గుర్తులు మార్చాను. ఆ రెండు పార్టీల వాళ్ళూ ఇప్పటికీ మా వీధిలోనే ఉన్నారు, రోజూ పొద్దున నేను వాళ్ళ ముందు నుంచే పాలకు పోవాలి.)

ఒకరోజు ఇద్దరూ మిర్చి బస్తాలతో యార్డుకు వచ్చారు. పని చూసుకుని ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చున్నారు. నేను ఛాయ్‌లు చెప్పి, కాబోయే అల్లుడికి తగిన వినయంతో పక్కన నిలబడ్డాను. మామే మొదలుపెట్టాడు.

"బావా, ఈసారి మీ గంప అడుగు ఊడింది. పదిమందిని అడిగితె ఎనిమిది మంది నిచ్చెననే అంటాండ్లు."

"ఎవలను అడిగినవ్, నీ ఎడ్లనా?" అన్నాడు బాపు.

"నా ఎడ్లు గూడ గంపకెయ్యవు. ఇన్నేండ్ల సంది ఒక్క గంపనే మోస్తివి. నీ మెడ వంగిపాయె గని మీ ఊరికి రోడ్డు రాకపాయె."

"నీ నిచ్చెనకు మెట్లున్నయా? ఎక్కినోడు ఒక్కడన్న దిగి మీ ఊరి మొకం చూసిండా?"

అంతవరకూ బాగానే ఉంది. హోటల్లో జనం కూడా బల్లలు దగ్గరికి జరుపుకున్నారు. ఆ జనాన్ని చూసి మా బాపుకు ఊపొచ్చి, "ఓటు సంగతే సమజ్ కానోనికి బిడ్డ పెండ్లి సంగతి ఏం సమజైతది" అనేశాడు. మామ సాసర్లో పోసుకున్న ఛాయ్ అట్లాగే వదిలేసి లేచాడు. మామ ఛాయ్ వదిలేయటం మా చుట్టరికంలో అంతకు ముందు ఎవరూ చూడలేదు.

"లెక్క తియ్యుండ్రి. మార్కెట్ల జనం గంప అంటె నేనే మీ ఇంటికొచ్చి ముహూర్తం అడుగుత. నిచ్చెన అంటె నువ్వు మా గడపకు రావాలె. గప్పటిదాక పెండ్లి మాట లేదు."

"తియ్యమను. నాకేం ఫికర్ లేదు," అన్నాడు బాపు. ఇద్దరూ కలిసి నావైపు తిరిగారు. దేశంలో ఎవరు గెలిస్తే నాకేంటి, నా పెళ్ళి మాత్రం ఎవరి చెప్పులు ముందు ఎవరి గుమ్మం ముందు విడవాలన్న చోట ఆగిపోయింది.

మర్నాటి నుంచి కాంటా దగ్గరికి వచ్చిన ప్రతివాణ్ణీ అడగటం మొదలుపెట్టాను. ఒకాయన, "నువ్వెవలంటె గాళ్ళకే" అన్నాడు. ఇంకొకాయన, "మీ బాపుది గంప గద, నాది గూడ గదే అని రాసుకో, తూకం మాత్రం జర మంచిగ చూడు" అన్నాడు. ఒక ముసలాయన, "మా ఇంటిదానికే చెప్పలే, నీకు చెప్తనా?" అని బస్తా మీద కూర్చుని చుట్ట ముట్టించాడు. నోటితో అడిగితే ఓటు బయటికి రాదని రెండు రోజుల్లో అర్థమైంది.

అప్పుడొచ్చింది ఆలోచన. (దేవుడి దయ అని ఊళ్ళో చెప్పాను. నిజానికి కళ్ళముందు పొద్దస్తమానం జరిగేదే.) మిర్చి బేరాలు అప్పట్లో తువ్వాల కింద జరిగేవి. కొనేవాడు, అమ్మేవాడు చేతులు కలిపి, పైన తువ్వాల కప్పి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవారు. చుట్టూ ఉన్నవాళ్ళకు రెండు మొహాలు తప్ప ఏమీ కనిపించదు. ఆ పద్ధతి వద్దని సర్కారు ఎప్పుడో మానిపించింది గానీ, ఆ కబురు చేతులకు అందలేదు. గంప అయితే ఒక వేలు, నిచ్చెన అయితే రెండు వేళ్ళు నొక్కమని అడుగుదామనుకున్నాను. సావుకారు దగ్గరికి పోయి అనుమతి అడిగాను. ఆయన తలెత్తకుండానే, "చెయ్యి. గని ఒక్కటి యాదికి పెట్టుకో. తువ్వాల కింద మాట తువ్వాల కిందనే ఉండాలె. ఎవలేం పట్టిండ్లో నోరు జారితె, ఈ మార్కెట్ల నీ చేతిల ఎవడు చెయ్యి పెట్టడు. గప్పుడు ఇంటికి పోవుడే" అన్నాడు.

లెక్క మర్చిపోకుండా, గంప అంటే లాల్చీ ఎడమ జేబులో ఒక మిరపకాయ, నిచ్చెన అంటే కుడి జేబులో ఒక మిరపకాయ వేసుకున్నాను. (ఇది చాలా తెలివైన ఏర్పాటని ఆ పూట అనుకున్నాను. మధ్యాహ్నం చెమట తుడుచుకున్నాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను.) జనానికి ఆట దొరికింది. నోరు విప్పనివాళ్ళంతా వరసలో నిలబడి చెయ్యి ఇచ్చారు. సాయంత్రానికి నా ఎడమ జేబు ఉబ్బిపోయింది, కుడి జేబులో నాలుగే కాయలు. గంప ప్రభంజనం. నేను చిటికెన వేలితో తోస్తే నిచ్చెన విరిగిపోతుందన్నంత ధీమాతో బాపుకు కబురు పంపాను. బాపు ఇంటిముందు మంచం వేయించుకుని, తెల్ల ధోతి కట్టుకుని, మామ వచ్చే దారి చూస్తూ కూర్చున్నాడట.

సావుకారుకు జేబులు చూపిస్తే ఆయన నవ్వి నవ్వి దగ్గాడు.

"అరె పిచ్చి పోరగా, మొదటి పట్టుకే నిజం చెప్పెటోడు ఎవడన్న మిర్చి అమ్ముతడా? మొదటిది ధర కాదు, రాం రాం. నువ్వు రాం రాంలన్ని జేబుల నింపుకొని వస్తివి."

"మరెట్ల సేట్?"

"చెయ్యి ఇడిసిపెట్టకు. ఏం మాట్లాడకు. రెండోసారి ఏం నొక్కుతడో గదీ లెక్క."

ఇన్నేళ్ళుగా ఆ అరుగు మీదే తుమ్ముతూ ఈ సంగతి తట్టనందుకు సిగ్గుపడి మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి వదల్లేదు. ఎదుటి మనిషి ఒక వేలు నొక్కుతాడు, నేను పట్టుకునే ఉంటాను. అతను కాంటా వంక చూస్తాడు, ఆకాశం వంక చూస్తాడు, ఎండ గురించి ఒక మాటంటాడు. ఆ తర్వాత మెల్లగా రెండో వేలు వచ్చి చేరుతుంది. కొందరిది ఇటు నుంచి అటు, కొందరిది అటు నుంచి ఇటు. ఒకాయన ఒకటి, రెండు, మళ్ళీ ఒకటి నొక్కి, చెయ్యి లాక్కుని "సోమారం చెప్త" అని వెళ్ళిపోయాడు. ఆ ముసలాయన మూడు వేళ్ళు నొక్కాడు. మూడో గుర్తు ఏమీ లేదే అంటే, "ఉండాలె గద" అన్నాడు. జెండా కట్టుకుని అరిచే మనిషి చెయ్యి కూడా తువ్వాల కింద ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తుందని నాకు అప్పుడే తెలిసింది. ఎందుకో ఆ ఆగటం నాకు బాగా నచ్చింది.

మూడో రోజు బాపు వచ్చాడు. మామ ఇంకా రాలేదేమని నిలదీయటానికి వచ్చి, తనను కూడా లెక్కలో వేసుకొమ్మన్నాడు. తువ్వాల కప్పాను. ఒక్క వేలు, ఎముక విరిగేట్టు నొక్కాడు.

"ఇడువు," అన్నాడు.

"ఇంక కాలే బాపూ."

బాపు నన్ను చూసి, కాంటా చూసి, యార్డు గేటు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. అప్పుడు తువ్వాల కింద ఇంకో వేలు, దొంగలా, వచ్చి నా వేలిని తాకింది. నేను తలెత్తలేదు. బాపు చటుక్కున చెయ్యి తీసేసుకుని అందరికీ వినపడేట్టు, "గంప సంగతి నన్నడుగుడేంది, ఎవలనన్న కొత్తోళ్ళను అడుగు" అనుకుంటూ బస్సుకు పోయాడు.

ఆ మర్నాడే మామ వచ్చాడు. నాతో మాట్లాడకుండా, సావుకారుతో మాట్లాడుతున్నట్టు నిలబడి చెయ్యి చాపాడు. రెండు వేళ్ళు. నేను పట్టుకునే ఉన్నాను. బాపు రెండు వేళ్ళ సంగతి ఒక్కసారి చెప్తే చాలు, మామ ఎగిరి గంతేసి మా ఇంటికొచ్చి పడతాడు, పెళ్ళయిపోతుంది. నాలుక చివర దాకా వచ్చింది. సావుకారు చీటీలు చూస్తూనే దగ్గాడు. నేను నోరు మూసుకున్నాను. అప్పుడు మామ ఆ రెండు వేళ్ళు వదిలేసి, నా చేతిని మొత్తంగా తన చేతిలోకి తీసుకున్నాడు. అది ఏ ధరా కాదు, ఏ గుర్తూ కాదు. మిర్చి మంటతో వెచ్చగా ఉన్న గరుకు చెయ్యి, కాసేపు అట్లా పట్టుకునే ఉన్నాడు.

"ఏం పట్టిన్నో మీ బాపుకు చెప్పకు అల్లుడా," అన్నాడు. హోటల్ గొడవ తర్వాత అల్లుడా అనటం అదే మొదలు.

ఆ సాయంత్రం ఫలితం ప్రకటించాను. సగం సగం. ఒక్క ఓటు కూడా అటూ ఇటూ కాలేదని, ఆశ్చర్యంగా ఉందని నలుగురిముందు ప్రమాణం చేశాను. యాభై ఏళ్ళుగా అదే చెప్తూ వచ్చాను కూడా. ఇక్కడ ఒప్పేసుకుంటాను. మామ చెయ్యి వదిలాక నేను లెక్కపెట్టనే లేదు. దుకాణం వెనక్కి పోయి రెండు జేబులూ కుప్పలో దులిపేసి వచ్చాను. ఆ తర్వాత రెండు జేబుల్లోనూ సమానంగానే ఉన్నాయి, కాబట్టి దాన్ని మరీ అబద్ధమని అనకండి.

సగం సగమైతే ఎవరు ఎవరింటికి రావాలని ఇద్దరూ కబురంపారు. ఇద్దరూ పోవాలె అని ఇద్దరికీ జవాబిచ్చాను. పోతారనుకోలేదు. ఆ శుక్రవారం పొద్దున బాపు ఒక బస్సులో పాలకుర్తి వైపు, మామ ఇంకో బస్సులో నెక్కొండ వైపు బయల్దేరారు, ఒకరికొకరు చెప్పకుండా. మామ ఇంట్లో అత్త మా బాపుకు, మా ఇంట్లో అమ్మ మామకు అన్నం పెట్టారు. బాపు పట్టుకుపోయిన పంచాంగం చూసి అత్త ఒక ముహూర్తం ఒప్పేసుకుంది. అదే వరసలో మా అమ్మ కూడా ఒప్పేసుకుంది, మంచిరోజు ఆ నెలలో ఒక్కటే ఉంది కాబట్టి తేడా రాలేదు. సాయంత్రం ఇద్దరూ వరంగల్ బస్టాండులో ఎదురుపడ్డారు. నేను అక్కడే ఉన్నాను.

"మీ ఇంటికి పోయిన బామ్మర్దీ," అన్నాడు బాపు.

"నేను మీ ఇంటికే పోయిన బావా. పొద్దుగాల తొమ్మిదికే పోయిన."

"నేను ఎనిమిదిన్నరకే మీ గడపల ఉన్న. మీ ఇంటిదాన్నడుగు."

"ఎనిమిదిన్నరకు మా ఊరికి బస్సే లేదు."

వారం రోజులుగా, నేను ముందు పోనంటే పోనన్నవాళ్ళు, ముందు నేనంటే నేనని మళ్ళీ అరుచుకున్నారు. అరుచుకుంటూనే ఛాయ్ తాగారు. మామ సాసర్లో చుక్క మిగల్లేదు.

పెళ్ళి పోలింగుకు పదిరోజుల ముందు అయింది. పోలింగు రోజున మామ తన ఓటు తెల్లవారంగనే వేసి, వేలికి సిరా మరకతో, కూతుర్ని చూసే నెపంతో మా ఊళ్ళో దిగాడు. నేరుగా బడి దగ్గరికొచ్చి, "మీ ఊర్ల ఎట్లున్నది హవా?" అని బాపును అడిగాడు. బాపు, "పోయి చూసుకో" అంటూ లోపలికి పోయి ఓటేసి వచ్చాడు. ఆ చెయ్యి లోపల ఏం చేసిందో ఈ రోజుకీ నాకు తెలియదు, అడగలేదు. ఎవరు గెలిచారన్నది పాత పేపర్లు చూస్తే దొరుకుతుంది. సగం సగం మాత్రం కాలేదు.

ఇంకొక్కటి ఒప్పుకోవాలి. మార్కెట్టంతటి ఓట్లూ చేత్తో తడిమి చూసిన నేను ఆ రోజు బడి గోడ బయట నిలబడ్డాను. అప్పట్లో ఇరవై ఒకటి నిండితేనే ఓటు. నాకు ఇరవై, నా పక్కన నిలబడ్డ మామ కూతురికి పంతొమ్మిది. కాళ్ళ పసుపు ఇంకా పోలేదు. కానిస్టేబులు వచ్చి, "ఓటు లేనోళ్ళు దూరం జరుగుండ్రి" అన్నాడు. చిన్నతనంగా అనిపించి, నేను పేరున్న సర్వే మనిషినని అతనికి చెప్పబోయాను. ఆమె నా చొక్కా అంచు పట్టి పక్కకు లాగింది. పెళ్ళయ్యాక నాతో తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అప్పుడే అన్నది.

"పోనియ్యి. వచ్చే ఎలక్షన్ల వరకు మనిద్దరికి వస్తది గద."

ఆ మనిద్దరికి అన్న మాట విని, రెండు పార్టీలూ కలిసి గెలిచినంత సంబరపడిపోయి, ఎండలో గోడకు ఆనుకుని నవ్వుతూ నిలబడిపోయిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ ముద్దొస్తాడు. ఆ ఎన్నికల్లో నేను విన్న హామీలు చాలా ఉన్నాయి. వాటిలో నిలబడ్డది అదొక్కటే.