కాళ్లకు పనిలేని విమానం

డెంజిల్ ట్రెగియర్ ఇంట్లో చేసిన ఆఖరి పని జామ్ గిన్నె అడుగు గోకడం. గరిటె నాకి, "అడుగంటించావే అక్కా. మా నౌకాదళం వంటవాడే నయం," అన్నాడు.

"అయితే అక్కడే తగలడు," అంది లవ్‌డే.

వాడు నవ్వుతూ సైకిలెక్కి కొండమీది విమానాశ్రయానికి పోయాడు. తిరిగి రాలేదు.

కార్న్‌వాల్‌లోని ఆ రేవులో మగవాళ్లంతా పడవలెక్కితే వీడొక్కడు విమానమెక్కాడు. ఏడాదిపాటు కొత్తరకం సీఫైర్ యుద్ధవిమానం నడిపాడు. ఇంజన్ ఒక్కటే, ముక్కుకు పంకాలు మాత్రం రెండు, ఒకదాని వెనక ఒకటి. ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు. ఒంటి పంకా విమానం పైకి లేచే పరుగులో పక్కకి లాగేస్తుంది, కాలితో ఎదురువైపు పెడల్ తొక్కి పట్టాలి. జంట పంకాలకి ఆ లాగుడే లేదు. "దీని పుణ్యాన నా కాళ్లు సోమరిపోతులయ్యాయే," అనేవాడు.

ఆ రోజు వాణ్ణి పాత ఒంటి పంకా విమానం ఎక్కించారు, ఎక్కడికో చేర్చి రమ్మని. చెయ్యి, కాలు అలవాటు పడేందుకు ఒక్క పూటైనా ఇవ్వలేదు. అది ఎడమకి లాగి, రన్‌వే దాటి రాతిగోడకి గుద్దుకుంది.

విచారణ ముగిశాక విమానాశ్రయం కెప్టెన్ ఇంటికొచ్చాడు. "కుడి పెడల్ తొక్కడం మరిచిపోయాడమ్మా. పొరపాటు అతనిదే."

"ఎక్కమన్నది ఎవరు?"

"నేనే. అనుభవమున్నవాడు కదా అని."

"ఏడాదిపాటు ఒడ్డున పడేసిన పడవని దించేముందు మా ఊళ్లో పసివాడైనా కారుతుందేమో చూస్తాడయ్యా. వాడి కాలి సంగతి నువ్వు చూశావా?"

ఆయన టోపీ సర్దుకున్నాడు. ఆమె టీ ఇవ్వలేదు.

చాపెల్‌లో పాదిరి "మన డెంజిల్ పొరపాటుని క్షమించు ప్రభూ" అని ప్రార్థన ఎత్తుకోగానే లవ్‌డే లేచి, బెంచీ ఈడ్చుకుపోయేలా బయటికి నడిచింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు. రేవులో "పాపం, మరిచిపోయాడు" అన్నవాడినల్లా కడిగేసింది.

"ఎన్నాళ్లే ఈ రంకెలు?" అంది పక్కింటి తామ్సిన్.

"వాడి మీది మచ్చ పోయేదాకా."

మచ్చ పోలేదు. విన్నమాటే వినగా వినగా చివరికి ఆమే నమ్మింది. కోపమంతా వాడిమీదికే మళ్లింది. సమాధి దగ్గర కలుపు పీకుతూ, "ఒక్క పెడల్ తొక్కలేకపోయావట్రా వెధవా," అని తిట్టేది. ఆ తిట్లతోనే జుట్టు నెరిసింది.

కెప్టెన్ పోయిన చాలా ఏళ్లకి, విమానాశ్రయంలో ఒకప్పుడు మంటలార్పే పని చేసిన జోరీ నాన్స్ చేపలు కొనడానికి రేవుకొచ్చాడు. డెంజిల్ అక్క అని తెలిసి టోపీ తీశాడు.

"తమ్ముణ్ణి బయటికి తీసింది నేనేనమ్మా."

"విచారణలో నీ పేరు వినలేదే?"

"నన్నెవరూ పిలవలేదు. కుడి బూటు పెడల్‌లో ఇరుక్కుపోయింది. ఆ పెడల్ని చివరిదాకా తొక్కిపట్టే ఉన్నాడు."